మొదటి తుపాకీగా కెల్‌టెక్ తీసుకోవచ్చా?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. గ్రీన్ కార్డు వచ్చి ఏడాది అయింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారు. మీ వీధి చివరి ఇంట్లో దొంగలు పడ్డాక ఇంట్లో ఒక తుపాకీ ఉంటే మంచిదనిపించింది. షాపులో కుర్రాడు రెండు కెల్‌టెక్‌లు చూపించాడు. ఒకటి జేబులో పట్టే పిస్తోలు, రెండోది మధ్యకి మడిచే రైఫిలు. రెండూ తేలిక, రెండూ చవక. మీ ఆవిడకి టెన్షన్‌గా ఉంది. హెచ్-1బి మీద ఉన్న మీ ఫ్రెండ్ మాత్రం "తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌కి నేనూ వస్తా" అంటున్నాడు. ఈ కంపెనీ ఎలాంటిది, రెండిట్లో ఏది తీసుకోవాలి, రేపు ఇండియా వెళ్లేటప్పుడు ఏం చెయ్యాలి అని అడిగారు.

నేను టెక్సస్‌కి వచ్చి పందొమ్మిదేళ్లు. ఆదివారం పొద్దున్నే మన తెలుగువాళ్లని నలుగురైదుగుర్ని రేంజ్‌కి తీసుకెళ్లి పట్టుకోవడం నేర్పడం నాకు అలవాటు. కెల్‌టెక్ వస్తువులు నాకు ఇష్టం. అయినా మీకు మొదటి తుపాకీగా ఆ రెండూ వద్దంటాను. ఎందుకో తెలియాలంటే ముందు ఆ కంపెనీ బుర్ర ఎలా పనిచేస్తుందో చూడాలి.

కంపెనీ ఉండేది ఫ్లోరిడాలో, కోకో అనే చిన్న ఊళ్లో. రాకెట్లు ఎగిరే కెన్నెడీ స్పేస్ సెంటర్‌కి దగ్గర. స్థాపించింది జార్జ్ కెల్‌గ్రెన్. మనిషి స్వీడన్‌వాడు, అక్కడ హుస్క్‌వర్నాలో పనిచేసి 1979 ప్రాంతంలో అమెరికా వచ్చాడు. ఇక్కడ ముందు ఇంటర్‌డైనమిక్, తర్వాత గ్రెండెల్ అనే కంపెనీలు నడిపాడు. 1991లో కెల్‌టెక్ పెట్టాడు. మొదట్లో అది సీఎన్‌సీ మెషీన్ల మీద లోహపు భాగాలు కోసిచ్చే వర్క్‌షాపు. సొంత పేరుతో తుపాకీ బయటికొచ్చింది 1995లో.

ఆ 1995 ఊరికే వచ్చిన సంవత్సరం కాదు. 1994లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం మామూలు జనానికి కొత్తగా అమ్మే మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే పెట్టెలో, పది తూటాలకి మించి పట్టకూడదని ఉండేది (2004లో ఆ చట్టం గడువు తీరిపోయింది). అప్పటిదాకా పదిహేను పట్టే పిస్తోలంటే గొప్ప. పది దాటకూడదన్నప్పుడు ఇంకా అంత లావు పిడి దేనికి? మరోవైపు ఫ్లోరిడా 1987లోనే, అర్హత ఉన్న ప్రతివాళ్లకీ తుపాకీ దాచి పెట్టుకుని తిరిగే లైసెన్సు ఇచ్చి తీరాలని చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటి మీద తుపాకీ మోసేవాళ్లు లక్షల్లో తయారయ్యారు, వాళ్లకి కావాల్సిన చిన్న తుపాకీ మాత్రం పెద్దగా లేదు. కెల్‌గ్రెన్ సరిగ్గా ఆ సందులో దూరాడు. పి-11 అనే 9 ఎంఎం పిస్తోలు తెచ్చాడు. పది తూటాలు, ఖాళీగా సుమారు 400 గ్రాములు. పట్టుకునే భాగం నైలాన్ లాంటి గట్టి ప్లాస్టిక్, లోపల అల్యూమినియం చట్రం, పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు స్లైడ్. ఇప్పుడది తయారీలో లేదు. ట్రిగ్గర్ గట్టిగా, పొడుగ్గా ఉంటుందని అందరూ అనేవాళ్లు, నిజమే. విడిగా సేఫ్టీ మీట లేని ఆ తుపాకీకి ఆ గట్టి ట్రిగ్గరే సేఫ్టీ.

తర్వాత 1999లో పి-32 వచ్చింది. నా దృష్టిలో ఈ కంపెనీ చేసిన అన్నిటిలో అందమైన ఆలోచన ఇదే. ఖాళీగా 190 గ్రాముల లోపు, మీ చేతిలో ఉన్న ఫోనంత బరువు. తీసుకునేది .32 తూటా (ఈ అంకె సుమారుగా తూటా లావు, అంగుళాల్లో). జాన్ బ్రౌనింగ్ 1899లో చేసిన ఆ పాత తూటాయే మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల అశని పిస్తోల్లోనూ వాడేది. మన వైపు లైసెన్సున్న పెద్దమనుషులెవరైనా మీకు తెలిసుంటే వాళ్ల బీరువాలో చూసే ఉంటారు. (9 ఎంఎం మన దేశంలో మామూలు జనానికి నిషిద్ధం, అందుకే అక్కడ .32కి అంత గిరాకీ.)

ఇంత చిన్న తూటాకి చాలా కంపెనీలు సాదా పద్ధతి వాడతాయి. పేలినప్పుడు వచ్చే ఒత్తిడిని స్లైడ్ బరువూ స్ప్రింగు బలమూ మాత్రమే ఆపుతాయి. దాంతో స్లైడ్ బరువుగా, స్ప్రింగు గట్టిగా ఉండాల్సి వస్తుంది. పి-32లో అలా కాదు, పెద్ద పిస్తోళ్లలోలాగే పేలిన క్షణంలో గొట్టమూ స్లైడూ ఒకదాన్నొకటి పట్టుకుని కలిసి కొంచెం వెనక్కి జరిగి, అప్పుడు గొట్టం వెనక వైపు కిందికి వాలి విడిపోతాయి. అందుకే స్లైడ్‌ని అంత పల్చగా చెక్కగలిగారు. వేళ్లలో బలం తగ్గిన పెద్దవాళ్లు కూడా దాన్ని లాగగలరు. మా రేంజ్‌లో కీళ్లనొప్పులున్న ఒక డెబ్భై ఏళ్ల ఆవిడ వేరే ఏ పిస్తోలూ లాగలేక చివరికి దీంతోనే స్థిరపడింది.

పి-32తో ఒక చిక్కుంది, అది తూటాతో వచ్చే చిక్కు. .32 తూటా అడుగున సన్నటి అంచు కొద్దిగా బయటికి ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే రెండూ కొక్కెం పడ్డట్టు ఇరుక్కుంటాయి. ముక్కు దగ్గర గుంట ఉండే పొట్టి హాలో పాయింట్ తూటాలు వేస్తే మ్యాగజైన్‌లో ముందు కాస్త ఖాళీ మిగులుతుంది, అప్పుడు ముందుకీ వెనక్కీ కదిలి ఇలా ఇరుక్కునే అవకాశం ఎక్కువ. అలా ఇరుక్కుంటే మామూలు జామ్‌లాగా స్లైడ్ ఒకసారి లాగితే పోదు. అందుకే పి-32 వాడేవాళ్లు చాలామంది పూర్తి పొడవుండే, ముక్కు గుండ్రంగా ఉన్న తూటాలే వేస్తారు.

2003లో పి-3ఏటీ వచ్చింది. ఈ పేరుని ఇంగ్లీషులో గబగబా చదివితే త్రీ ఎయిటీ అని వినిపిస్తుంది, అంటే .380 తూటా. కెల్‌గ్రెన్ చమత్కారం. దాదాపు పి-32 ఒళ్లే, ఇంకాస్త బలమైన తూటా, 235 గ్రాముల బరువు. మీకు షాపులో చూపించింది ఈ కుటుంబంలోదే అయ్యుంటుంది. 2008లో రూగర్ అనే పెద్ద కంపెనీ ఎల్‌సీపీ అని ఒకటి తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎవర్ని చూసి రాశారో పరీక్ష పేపరు దిద్దే మాస్టారు చెప్పక్కర్లేదు. ఈ రోజు ప్రతి కంపెనీకీ ఒక జేబు పిస్తోలుందంటే దారి వేసింది కోకోలోని ఈ చిన్న కంపెనీయే. 2006లో వచ్చిన పి.ఎఫ్-9 కూడా అంతే. 9 ఎంఎం తూటా, వెడల్పు అంగుళం కన్నా తక్కువ, బరువు 360 గ్రాములు.

ఇంత గొప్పవైతే మీకెందుకు వద్దంటున్నానంటే, కారణం బరువే. తూటా ఒకటే అయినప్పుడు తుపాకీ బరువు సగమైతే అది వెనక్కి వచ్చే వేగం రెట్టింపవుతుంది, చేతికి తగిలే శక్తి కూడా రెట్టింపే. ఇంటర్‌లో చదివిన ద్రవ్యవేగ నిత్యత్వమే ఇది. జేబులో మోసేటప్పుడు మిగిలిన ప్రతి గ్రామూ కాల్చేటప్పుడు మీ అరచేతి మీద బాకీ తీర్చుకుంటుంది. పిడి చిన్నది కాబట్టి చిటికెన వేలికి చోటుండదు. గురి చూసే గుర్తులు సూక్ష్మంగా ఉంటాయి. గొట్టం మూడంగుళాల లోపే కాబట్టి చెయ్యి ఇసుమంత కదిలినా గుండు ఎక్కడికో పోతుంది.

ఒకసారి ఒక కొత్త పెళ్లికొడుకు భార్యని తీసుకుని రేంజ్‌కి వచ్చాడు. "ఆడవాళ్లకి చిన్నది బాగుంటుందిగా అన్నా" అని ఒక బుల్లి పిస్తోలు కొని తెచ్చాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఆ అమ్మాయి మొదటి గుండు కాల్చింది. రెండోది కాల్చేముందు కళ్లు గట్టిగా మూసుకుంది. మూడోదానికి చెయ్యి ముందే కిందికి గుంజేసింది, గుండు టార్గెట్‌కి రెండడుగుల కింద నేలకి తగిలింది. బల్ల మీద పెట్టేసి బొటనవేలి మొదట్లో కమిలిన చోటు చూపించింది. నా బ్యాగులో ఉన్న పూర్తి సైజు .22 ఇచ్చాను. అరగంటలో అదే అమ్మాయి పేపర్ ప్లేటంత వలయంలో పదికి పది పెట్టింది. చిన్న చేతికి చిన్న తుపాకీ అనేది షాపుల్లో ఎక్కువగా వినిపించే తప్పుడు సలహా. మనవాళ్లు చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు. కర్ర పెద్దదైతే మన చేతికే సుఖం కూడా.

పైగా జేబు పిస్తోలు తేలికగా ఉండేది మోసేవాడి కోసం. మీది మంచం పక్కన సేఫ్‌లో పడుండే తుపాకీ. దాన్ని రోజుకి పదిహేను గంటలు నడుముకి కట్టుకుని తిరిగేదెవరు? మోయని బరువు తగ్గించుకోవడానికి కాల్చే సుఖం ఎందుకు వదులుకోవాలి?

ఇక మడిచే రైఫిలు. సబ్-2000 అంటారు, 2001 నుంచీ వస్తోంది. మీకు షాపులో నచ్చిందంటే ఆశ్చర్యం లేదు, నాకూ మొదటిసారి చూసినప్పుడు పిల్లాడికి ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ ఇచ్చినట్టే అయింది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డుని కిందికి లాగితే లాక్ ఊడుతుంది. గొట్టం పైకి లేచి వెనక్కి తిరిగి బుజానికి ఆనించే భాగం మీద పడుకుంటుంది. మడిస్తే 41 సెంటీమీటర్లు, ల్యాప్‌టాప్ బ్యాగులో పడుతుంది. బరువు రెండు కిలోలకి లోపే. పిస్తోలు తూటాలే తీసుకుంటుంది, 9 ఎంఎం అయితే మోడల్‌ని బట్టి గ్లాక్, బెరెట్టా, స్మిత్ అండ్ వెసన్ లాంటి పిస్తోళ్ల మ్యాగజైన్లే పెట్టుకోవచ్చు. అంటే పిస్తోలుకీ రైఫిల్‌కీ ఒకే మ్యాగజైన్, ఒకే తూటాల డబ్బా. ఇది నిజంగా తెలివైన పని.

గొట్టం 16.1 అంగుళాలు ఎందుకుందో తెలుసా? 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం రైఫిల్ గొట్టం 16 అంగుళాల కన్నా తక్కువైతే దానికి వేరే రిజిస్ట్రేషన్ గోల ఉంది. అందుకని గీతకి ఒక్క పిసరు ఇవతల ఆగారు. వీళ్ల కేఎస్‌జీ అనే షాట్‌గన్‌దీ అదే లెక్క. చట్టం షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలుండాలంటే వాళ్లది 18.5, మొత్తం పొడవు 26 ఉండాలంటే వాళ్లది 26.1. కెల్‌టెక్ కొలతల పట్టిక చదువుతుంటే నాకు అమెరికా తుపాకీ చట్టమే చదువుతున్నట్టుంటుంది.

సబ్-2000 లోపాలు కూడా వినండి. మడత పడటానికి వీలుగా చెయ్యడంతో బుజానికి ఆనించే భాగం ఒక సన్నటి గొట్టం. దాని మీద చెంప ఆనించి కాలిస్తే హాయిగా ఉండదు. లోపల బరువైన బోల్టు ముందుకీ వెనక్కీ కొట్టుకునే సాదా పద్ధతి కాబట్టి, 9 ఎంఎం రైఫిలంటే మెత్తగా ఉంటుందని ఊహించుకుంటే దానికన్నా ఎక్కువే తంతుంది. పాత మోడళ్లలో పైన రెడ్ డాట్ సైట్ (గురికి ఎర్ర చుక్క చూపే అద్దం) బిగిస్తే ఇక మడవడానికి వీలయ్యేది కాదు, అంటే దేనికోసం కొన్నామో అదే పోయేది. మూడో తరంలో ముందు భాగం పక్కకి తిరిగేలా చేసి ఆ సమస్య తీర్చారు. మీరు ఎప్పటికైనా కొంటే ఆ మూడో తరమే చూడండి, వంద డాలర్లు తగ్గుతోందని పాతది తీసుకోకండి.

కెల్‌టెక్ రైఫిళ్లూ షాట్‌గన్‌లూ చాలావాటి నిర్మాణం ఒకే తరహా. ఉక్కు భాగాలన్నీ లోపల పెట్టి, రెండు కొబ్బరి చిప్పలు మూసినట్టు రెండు ప్లాస్టిక్ డిప్పలు అటూ ఇటూ మూసి స్క్రూలు బిగిస్తారు. చేత్తో పట్టుకుంటే బొమ్మ తుపాకీలాగా అనిపించేది అందుకే. ఆ ప్లాస్టిక్ బలం గురించి భయం అక్కర్లేదు, ఒత్తిడంతా ఉక్కు మీదే పడుతుంది. స్క్రూలని మాత్రం గట్టిగా ఉండాలని తిప్పుతూ పోతే ప్లాస్టిక్‌లో మరలు అరిగిపోతాయి. శుభ్రం చేసి బిగించేటప్పుడు ఆనగానే ఆపెయ్యండి.

ఈ రైఫిలు గురించి ఇంకో మాట. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు ఒడెసాలోని ఒక పాత కస్టమర్ ఆర్డరిచ్చిన రెండు లక్షల డాలర్ల సరుకు కోకోలోనే ఉండిపోయింది. ఆ కస్టమర్ ఫోన్‌కి దొరకలేదు. కంపెనీవాళ్లు ఆ నాలుగు వందల సబ్-2000లనీ ఉక్రెయిన్‌లో పోరాడేవాళ్లకి ఉచితంగా పంపేశారు. అప్పుడు పేపర్లలో బాగా వచ్చింది.

మీరు అడగకపోయినా చెప్తున్నాను, నాకు ఈ కంపెనీ మీద అభిమానం పుట్టింది పిస్తోళ్ల వల్ల కాదు. నాది ఎడమచేతి వాటం. బుల్‌పప్ అనే తరహా రైఫిళ్లుంటాయి. తూటా పేలే యంత్రమంతా ట్రిగ్గర్‌కి వెనక, చెంప కింద ఉంటుంది. గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకీ మొత్తం పొట్టిదవుతుంది. ఇబ్బందేమిటంటే, మామూలుగా పేలిన తూటా ఖాళీ తొడుగు కుడివైపు నుంచి ఎగిరిపడుతుంది. ఎడమ బుజానికి పెట్టుకున్నవాడికి ఆ కాలుతున్న ఇత్తడి ముక్క తిన్నగా మొహానికి వస్తుంది. కెల్‌టెక్ దీన్ని ఒకటి కాదు, రెండు రకాలుగా పరిష్కరించింది. ఆర్‌ఎఫ్‌బీ అనే .308 రైఫిల్లో ఖాళీ తొడుగులు గొట్టం పైనున్న ఒక దారిలో ముందుకి నడిచి ముక్కు వైపు నుంచి కిందపడతాయి. తర్వాత వచ్చిన ఆర్‌డీబీలో మ్యాగజైన్ వెనక నుంచి తిన్నగా నేల మీద పడతాయి, మీ కాళ్ల దగ్గర కుప్పగా. కేఎస్‌జీ షాట్‌గన్ కూడా కిందికే వదులుతుంది. గొట్టం కింద పక్కపక్కన రెండు నాళాలు, ఒక్కోదాన్లో ఏడేసి తూటాలు, మీట తిప్పితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. జీవితమంతా కుడిచేతివాళ్ల కత్తెరతో గుడ్డ కోసినవాణ్ణి, నాకోసం ఎవరో ఆలోచించారంటే ఎంత సంబరంగా ఉంటుందో కుడిచేతివాళ్లకి అర్థం కాదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. పిఎంఆర్-30 అనే పిస్తోలు పిడిలోనే ముప్ఫై .22 మాగ్నమ్ తూటాలు పడతాయి, బరువు నాలుగు వందల గ్రాములు దాటదు. కాలిస్తే ముందు పెద్ద మంట, చేతికి మాత్రం ఏమీ తెలీదు. మ్యాగజైన్ నింపేటప్పుడు ఓపిక కావాలి, అంచులు వరసలో లేకపోతే ఇరుక్కుంటాయి. సీపీ33లో ముప్ఫై మూడు .22 తూటాలు నాలుగు వరసల్లో పడతాయి. పి50 అనేది బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ వాళ్ల పి90కి చేసిన యాభై తూటాల మ్యాగజైన్ని తెచ్చి దాని చుట్టూ కట్టిన విచిత్రం, చూడటానికి స్టేప్లర్‌లా ఉంటుంది. 2025లో వచ్చిన పిఆర్57కి ఊడే మ్యాగజైనే లేదు, స్లైడ్ వెనక్కి లాగి పైనుంచి తూటాల పట్టీతో నింపాలి. ఇదేం కొత్త పిచ్చి అనుకున్నారు కుర్రాళ్లు. 1980ల చివర్లో గ్రెండెల్ పి-10 కూడా ఇలాగే పైనుంచి నింపేదని పాతవాళ్లం నవ్వుకున్నాం. పిఎంఆర్-30 కూడా గ్రెండెల్ రోజుల పి-30కి మనవడే. కెల్‌గ్రెన్ తన ఆలోచన దేన్నీ పారెయ్యడు, అటక మీద పెట్టి ముప్ఫై ఏళ్ల తర్వాతైనా దించుతాడు.

కంపెనీకి ఉన్న పేరు గురించి నిజాయితీగా చెప్పాలి. ఆలోచనలకి పదికి పది. చివరి మెరుగులకి ఆరో ఏడో. పాత రోజుల్లో పి-11, పి-3ఏటీ కొన్నవాళ్లు గరుకుగా ఉన్న భాగాలు ఇంట్లోనే నున్నగా రుద్దుకోవడానికి ఒక ముద్దు పేరే పెట్టుకున్నారు. మీరు అలాంటి పనులు చెయ్యకండి, అవసరమైతే తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్‌కి ఇవ్వండి. కొత్త మోడల్ ప్రదర్శనలో చూపించాక షాపులోకి రావడానికి నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పట్టిన సందర్భాలూ ఉన్నాయి. పాతది కొంటే సీరియల్ నంబరు కంపెనీకి చెప్పి రీకాల్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలవడం) ఏమైనా ఉందేమో కనుక్కోండి. ఏ కంపెనీ కొత్త తుపాకీ అయినా సరే, మీరు వాడబోయే తూటాలతోనే కనీసం రెండు వందలు రేంజ్‌లో కాల్చి చూడకుండా ప్రాణం దానికి అప్పగించకండి.

మరి మీరేం కొనాలి? ముందు ఏమీ కొనకండి. నాలుగు వారాలు రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చండి, మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి. మొదటి రోజు .22 తప్ప వేరేది ముట్టుకోవద్దు. కెల్‌టెక్ ఇష్టమైతే వాళ్ల పి17 దీనికి సరిపోతుంది. .22, పదహారు తూటాలు, రెండు వందల డాలర్లకి అటూ ఇటూ. తర్వాత 9 ఎంఎంలో మధ్య సైజువి, ఆరేడు వందల గ్రాములుండేవి, రెండు మూడు కంపెనీలవి ప్రయత్నించి ఇద్దరి చేతికీ కుదిరింది తీసుకోండి. ఇద్దరిలో ఎవరికి తక్కువ ఇష్టమో వాళ్ల మాటే ఖాయం చేసుకోండి. సబ్-2000 మీద మోజు తీరకపోతే ఏడాది తర్వాత, ఆ పిస్తోలు మ్యాగజైన్లే పట్టే మోడల్ కొనుక్కోండి. ఒక్కటి మర్చిపోకండి, అమెరికా ఇళ్ల గోడలు మన ఇటుక గోడలు కావు. పిస్తోలు గుండైనా రైఫిలు గుండైనా ఆ జిప్సం షీటు దాటి పిల్లల గదిలోకి వెళ్తుంది. మీ ఇంట్లో ఏ వైపుకి కాల్చకూడదో పగటి పూట ఒకసారి నడిచి చూసుకోండి.

ఇక కాగితాలు. గ్రీన్ కార్డు వాళ్లు కొనొచ్చు. షాపులో ఫారం 4473 నింపాలి, ఎఫ్‌బీఐ ద్వారా మీ నేర చరిత్ర చెక్ జరుగుతుంది. కొత్త ఇల్లు కొన్నారన్నారు కదా, డ్రైవింగ్ లైసెన్సు మీద ఇంకా పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంటే ముందు అది మార్పించుకోండి, మనవాళ్లు ఎక్కువగా అక్కడే వెనక్కి వస్తారు. ఫారంలో గంజాయి ప్రశ్న ఉంటుంది. పక్క రాష్ట్రంలో చట్టబద్ధం కావచ్చు, ఫెడరల్ చట్టానికి కాదు. పౌరసత్వం ఉన్నవాడికీ మీకూ తేడా ఏమిటంటే, తుపాకీ నేరం రుజువైతే గ్రీన్ కార్డు వాణ్ణి దేశం నుంచి పంపించెయ్యొచ్చు. అందుకే చిన్న విషయాల్లో కూడా నిర్లక్ష్యం వద్దు.

మీ ఫ్రెండ్ విషయం జాగ్రత్త. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రేంజ్‌లో పది నిమిషాలు చేత్తో పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, టెక్సస్‌లో చాలామంది ఆ దారిలోనే వెళ్తారు. అతన్ని ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి. "నీ పేరు మీద నాకొకటి కొనిపెట్టరా" అని అడిగితే మాత్రం స్నేహం చెడినా సరే కుదరదనండి. వేరేవాళ్ల కోసం కొని ఇవ్వడానికి 2022 చట్టం తర్వాత పదిహేనేళ్ల దాకా శిక్ష ఉంది. విజిటర్ వీసా మీద వచ్చే మీ అమ్మానాన్నలకీ ఆ నిషేధం వర్తిస్తుంది. సేఫ్ నంబరు మీ ఇద్దరికే తెలియాలి, పూజ గదిలో సొరుగు సేఫ్ కాదు. పదిహేడేళ్ల లోపు పిల్లలకి అందేలా పెట్టడం టెక్సస్‌లో నేరం. రేపు ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్తే అక్కడ మ్యాగజైన్‌కి పది తూటాలే, కొనడానికి ముందు పర్మిట్లు. సామాను లారీ ఎక్కించేముందు అక్కడి రూల్స్ చదువుకోండి.

ఇండియా ప్రయాణానికి తుపాకీ ఊసే వద్దు, ఇక్కడే సేఫ్‌లో ఉంటుంది. తుపాకీ తీసుకెళ్లాలని ఎవరూ అనుకోరు, అసలు ప్రమాదం తూటాతో. మన దగ్గర ఆయుధాల చట్టం కింద ఒక్క తూటా బ్యాగులో దొరికినా కేసే, శంషాబాద్‌లో అమెరికా లైసెన్సు చూపిస్తే ఎవరూ వినరు. నేను ఒకప్పుడు ఆఫీసుకీ రేంజ్‌కీ ఒకటే బ్యాక్‌ప్యాక్ వాడేవాణ్ణి. హైదరాబాద్ వెళ్లే ముందు రోజు రాత్రి మా ఆవిడ అందులో పాస్‌పోర్టులు సర్దుతూ, పక్క జేబు అడుగున కుట్టు దగ్గర ఏదో గట్టిగా తగులుతోందని చెయ్యి పెట్టింది. ఒక 9 ఎంఎం తూటా. ఎన్నాళ్ల నుంచి ఉందో తెలీదు. అంతకు ముందు రెండుసార్లు అదే బ్యాగుతో దేశంలో విమానాలెక్కాను. ఆ రాత్రి మిగతా బ్యాగులన్నీ హాల్లో బోర్లించి టార్చి పెట్టి వెతికాం. ఆ బ్యాక్‌ప్యాక్ అప్పట్నుంచి గరాజ్‌లో మేకుకి వేలాడుతోంది, రేంజ్‌కి తప్ప ఇంకెక్కడికీ రాదు.